మసక గీతలు చదవడం నేర్పిన మేడమ్‌గారు

మేడమ్‌గారు పోయారన్న టెలిగ్రామ్ మంగళవారం మధ్యాహ్నం మా రాడార్ కేంద్రానికి వచ్చింది. గుంటూరు కాలేజీలో ఆవిడ దగ్గర ఫిజిక్స్ చదివినవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లో చాలామందే ఉంటారు. వాళ్ళకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. నాకది పరువు తక్కువే. అయినా దాచుకుంటే ఆవిడకు నచ్చదు.

కొప్పులో పెన్సిల్ గుచ్చుకుని పాఠం చెప్పేవారు. ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా ల్యాబ్‌కే వచ్చేవారు. రబ్బరు మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. తప్పు అంకె మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాయాలి. పాతది కనబడుతూనే ఉండాలి. "చెరిపేస్తే ఎక్కడ పొరబడ్డామో రేపు ఎవరికి తెలుస్తుందమ్మా?" అనేవారు.

ఎమ్మెస్సీ అయ్యాక ఆవిడ దగ్గర ఏడాది పనిచేశాను. దక్షిణాన, భూమి అయస్కాంత మధ్యరేఖ వెళ్ళేచోట, సముద్రపు ఒడ్డున ఒక రాడార్ ఉంది. అది విమానాలను వెతకదు. రేడియో తరంగాలను నిటారుగా పైకి పంపుతుంది. ఎండ తాకిడికి గాలి విద్యుదావేశం పొందిన పొర ఒకటి పైన ఉంది, అదే అయనోస్ఫియర్. దానికి తగిలి తరంగాలు తిరిగొస్తాయి. ఎంతసేపట్లో వచ్చాయన్నదాన్నిబట్టి పొర ఎంత ఎత్తునుందో తెలుస్తుంది. ఆ ప్రతిధ్వనులు ఫిల్ము మీద గీతలుగా పడతాయి. ఫిల్ము నకళ్ళు రేకు డబ్బాల్లో మాకు పోస్టులో వచ్చేవి. వాటిని గాజు పలక మీద పెద్దవి చేసి చూసి, పావుగంటకో ఎత్తు చదివి, పట్టిక రాసి ఆ రాడార్ కేంద్రానికే పంపడం నా పని. నాకేమో పట్టికలు కాదు, ఆ రాడారే కావాలి. అక్కడ ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం ఇమ్మని రోజూ మేడమ్‌గారి ప్రాణం తీసేదాన్ని.

మార్చి, మిర్చి సీజను. యార్డు వైపు నుంచి గాలి వీస్తే ల్యాబంతా తుమ్ములే. ఒక డబ్బాలో కొన్ని సాయంత్రాల గీతలు అలుక్కుపోయి కనబడ్డాయి. గాజు మూడుసార్లు తుడిచాను. పోలేదు. లెన్సు లోపలికి మిరప ధూళి పోయిందనుకున్నాను. విప్పి తుడిచే ఓపిక లేక, ముందున్న ఎత్తుకూ తర్వాతి ఎత్తుకూ మధ్య నున్నటి గీత గీసి, దాని మీంచి అంకెలు దించి పంపేశాను.

వారం తర్వాత మేడమ్‌గారు ఆ డబ్బా, నా పట్టిక నకలూ తీశారు.

"ఈ అంకె ఎక్కడ చదివావమ్మాయ్?"

"లెన్సులో మిరప ధూళండీ. అందుకని..."

"ముందు బొమ్మ సాఫుగా ఉంది, తర్వాత బొమ్మ సాఫుగా ఉంది. నీ ధూళి సాయంత్రం ఏడింటికి వచ్చి తెల్లారేసరికి వెళ్ళిపోయిందా?"

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. మధ్యరేఖ దగ్గర పొద్దు కుంకాక ఆ పొర పైకి లేస్తుందట. కొన్నిరోజులు అడుగునుంచి బుడగలు పొడుచుకొచ్చి చెదిరిపోతుందట. అప్పుడు ప్రతిధ్వని ఒక్కచోటి నుంచి రాదు, అందుకే గీత విచ్చుకుంటుంది.

"జిన్నింగు మిల్లులో పత్తి ఎగరడం చూశావుగా, అలా. వాళ్ళు రాడార్ పెట్టిందే దీనికోసం. నువ్వు దాన్ని ఇస్త్రీ చేసి పంపావు."

"ఇప్పుడేం చేయమంటారండీ?"

"ఏముంది, కూర్చుని రాయి. ఫలానా సాయంత్రాల అంకెలు నేను కల్పించినవని. కింద నీ పేరు పెట్టు."

"నేను ఉద్యోగం అడిగేదీ వాళ్ళనే కదండీ. ఇది చదివాక ఇస్తారా?"

"ఇవ్వకపోవచ్చు. మసగ్గా ఉంటే మసగ్గా ఉందని రాసే మనిషి కావాలి వాళ్ళకి. అది నువ్వవునో కాదో నేనెలా చెప్పను?"

రెండు కాగితాలు చింపి మూడోదాని మీద రాశాను. ఆవిడ ఒక్క అక్షరం మార్చలేదు. తన సిఫారసు కూడా అదే కవరులో పెట్టి అంటించారు. అందులో ఏముందో ఇక్కడ, ఆ రాడార్ కేంద్రంలోనే ఉద్యోగంలో చేరాక చూశాను: "అంకెలు కల్పించింది. నేను పట్టుకున్నాను. తన చేత్తో రాసి ఒప్పుకుంది. ఇక చేయదు, తీసుకోండి."

కిందటేడు సెలవుల్లో ఆవిడ ఇక్కడికి వచ్చారు. అన్నేళ్ళు ఫిల్ములు చదివిన మనిషి రాడార్‌ని చూడటం అదే మొదలు. పొద్దు కుంకి గంటయింది. తెరమీద గీత విచ్చుకోవడం మొదలవగానే పిలిచాను. వంగి చూశారు. బయటికి నడిచి, యాంటెన్నా స్తంభాల మధ్య ఇసుకలో ఆగి, తలెత్తారు. ఒక్క మబ్బు లేదు.

"పైకి ఎంత నున్నగా ఉందో చూడు," అన్నారు.

నేను లోపలికెళ్ళి ఆ పూట కొలతలు రాసుకుని వచ్చేసరికి కూడా ఆవిడ అక్కడే ఉన్నారు, కొంగు గాలికి వదిలేసి, మెడ వెనక్కి వాల్చి, పైకి చూస్తూ.