ఇంటర్‌ఫెరాన్ గడప దగ్గర ఆగిన రోజు

ఆ రోజుల్లో జువాలజీ చెప్పేవాళ్లకి జువాలజీ అర్థమై ఉండాలన్న పట్టింపు నరసరావుపేటలో మా ప్రైవేటు కాలేజీకి ఉన్నట్టు లేదు, ఉంటే నన్ను తీసుకునేవాళ్లే కాదు. ఎనభైల నడిమి మాట. ఏడాదిగా టెంపరరీ లెక్చరర్ని. ప్రిన్సిపాల్‌గారు ఒక క్లాసు విని బాగుందంటే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. సులువుగా వానపాము చెప్పుకోక, కొత్తగా ఉంటుందని ఇంటర్‌ఫెరాన్ పాఠం ఎంచుకున్నాను. వైరస్ సోకిన కణం ఆ ప్రోటీన్‌ని బయటికి వదులుతుందట, అది పక్క కణం పైపొర మీద వాలి ఆగిపోతుందట, ఆ వెంటనే ఎక్కడో లోపల కేంద్రకంలో కొన్ని జీన్లు మేలుకుని కణం పనినే ఆపేస్తాయట. బాగున్న కణం పనెందుకు మానుకోవాలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుగు రోజులు చదివాను. (మొదటి రోజు అర్థమైందనుకున్నది కూడా నాలుగో రోజుకి పోయింది.)

క్లాసు రోజు పొద్దున మా వీధిలో ఒక ముసలాయన పోయాడు. నేను పెద్దమ్మా అని పిలిచే ఇంటి ఓనరావిడ కాఫీ ఇవ్వలేదు. "శవం లేచిందాకా వీధిలో ఎవురూ పొయ్యి ఎలిగించరే" అంది. ఖాళీ కడుపుతో కాలేజీకి నడుస్తుంటే తట్టింది, కణాలు చేసేదీ ఇదేగా అని.

వెనక బెంచీలో ప్రిన్సిపాల్‌గారు ఉండగా, ఇంటర్‌ఫెరాన్ అంటే చావు కబురు తెచ్చి గడప దగ్గరే ఆగే మనిషి అని, ఉత్సాహంగా ఆ పొయ్యి సంగతే చెప్పాను. అక్కడే చెడింది. ఆ పట్టింపు గోడ కలిసిన ఇళ్లకేనని ఈపూరు కుర్రాడు లేచాడు. కాదు, వీధంతా అన్నాడు నకరికల్లు కుర్రాడు. పసిపిల్లలకి పాలు కాయొచ్చా అని ఇంకొకరు. చివరికి ప్రిన్సిపాల్‌గారే లేచి, తమ క్రోసూరులో వీధి మలుపు దాకానేనని తేల్చారు. జీన్లని అందరూ మరిచిపోయారు, నాతో సహా.

మరవనిది ముందు బెంచీలో మెకానిక్‌గారి అమ్మాయి ఒక్కతే. "మేడం, కబురు తెచ్చింది గడప దగ్గరే ఆగిందంటిరి. మరి లోపల జీనుకి ఎవురు చెప్పారు?"

ప్రిన్సిపాల్‌గారు పెన్ను మూత తీశారు. నాకు తెలియదు. తెలియదంటే ఉద్యోగం ఉండదు.

"అదే లోపలికి పోయి చెబుతుందమ్మా."

"ఆగుద్దన్నారుగా?"

"కాసేపు ఆగి పోతుంది. కూర్చో."

కూర్చుంది. మరుసటి వారం పర్మనెంటు ఆర్డరు వచ్చింది. తడబాటు లేకుండా చెబుతానని రాశారట.

తొంభైలు వచ్చాక ఒక పత్రికలో చదివాను. పైపొర లోపల కాచుకుని ఉన్న వేరే ప్రోటీన్లు ఆ కబురు అందుకుని కేంద్రకానికి మోస్తాయట. నేను పాఠం చెప్పేనాటికి ఆ సంగతి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. చానా సిగ్గేసింది.

రిటైరయ్యాక మాచర్ల బస్సులో ఆ అమ్మాయే పక్క సీట్లో కూర్చుంది, జుట్టు నెరిసింది. ఉండబట్టలేక, ఆ రోజు తప్పు చెప్పానని ఒప్పేసుకున్నాను.

"అప్పుడే తెలుసు మేడం" అంది. "ఏమీ రాయని బోర్డుని మీరు తుడుస్తా ఉంటే చూశా. అందుకే కూర్చున్నా."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.