పాడు లేదు

తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంటులో ఆర్నెల్లకొకసారి నీళ్ళ సంపు కడుగుతారు. నిన్న కడిగారు. అడుగున పేరుకున్న నల్లటి బురదను బకెట్లతో ఎత్తి మెట్ల పక్కన పోశారు. పాల ప్యాకెట్ కోసం కిందికి దిగిన నేను ఆ వాసనకు అక్కడే నిలబడిపోయాను. పులికాట్ అడుసు వాసన అచ్చం ఇలాగే ఉంటుంది. వాచ్‌మన్ నా వాలకం చూసి "ఏం సార్, తల తిరగతా ఉండాదా?" అన్నాడు. ఏం లేదబ్బా అని పైకి వచ్చేశాను. పాలు తేలేదని మా ఆవిడ చేత తిట్లు తిన్నాను. ఆ వాసన తగిలితే నాకు చెంచమ్మ గుర్తొస్తుంది. చెంచమ్మ గుర్తొస్తే అద్దంలో నా మొహం చూసుకోవడానికి కూడా మనసొప్పదు.

మాది పుత్తూరు దగ్గర పల్లె. చెరకు, మామిడి, ఇంటి ముందర బోరు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి మొదటి ఉద్యోగమే పులికాట్ సరస్సు మధ్య దిబ్బ మీదున్న ఊళ్ళో పడింది. ఒక్క గది బడి, ఒక్క అయ్యవారు. తారురోడ్డు అయిపోయాక పడవెక్కాలి. ఊళ్ళో చేపలు పట్టే కుటుంబాలవాళ్ళవి గుడి చుట్టూ పెంకుటిళ్ళు, రేకులిళ్ళు. ఊరికి ఆ కొసన, సీమతుమ్మ పొదల వెనక, యానాదులవి ఆరు గుడిసెలు. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క ఉండేది కాదు. డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చే పడవ ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. వచ్చిన రోజు కూడా ఊరివాళ్ళు నింపుకున్నాక మిగిలితేనే కొసనున్న గుడిసెలకు. నేను వెళ్ళిన మూడో రోజే నాయనకు ఫోన్ చేసి ఏడ్చాను.

ఆ ఏడుపు విన్నది చెంచమ్మ. ఆరు గుడిసెల్లో మొదటిది ఆమెది. మా అమ్మకంటే పెద్దది. మొగుడు పోయాడు, కూతురూ పోయింది, మనవరాలు ఒక్కతే మిగిలింది. మోకాటి లోతు నీళ్ళలో వంగి, తాటాకు బుట్ట తాడును పళ్ళతో కరుచుకుని, రెండు చేతులతో అడుసులో దేవులాడి రొయ్యలు పట్టేది. బుట్ట నోట ఉన్నంతసేపు మాట రాదు. గట్టెక్కగానే ఆ మూడు గంటల మాటలూ ఒక్కసారే వచ్చిపడేవి. "మొగోడివి, నీళ్ళకా ఏడ్చేది? రా నాతో" అని నన్ను ఇసుక దిబ్బ మీదికి తీసుకుపోయి, చేతులతోనే మూరెడు లోతు చెలమ తవ్వింది. అడుగున తడి ఊరింది. నేను ఆత్రంగా చెంబు ముంచబోతే చేతి మీద ఒకటి వేసింది. "తొలీత ఊరేది ఉప్పే. అది తోడి పారెయ్. దాని ఎనక వచ్చేది తియ్యన. తొందరపడేటోడికి ఉప్పే మిగిలేది, సామీ." ఆ రోజు తాగిన నీళ్ళంత తియ్యటివి మళ్ళీ నేను తాగలేదు.

అడుసులో నడవడం కూడా ఆమే నేర్పింది. కాలు ఎత్తి వేయకూడదు, ఈడ్చాలి. "అడుగున టేకుచేప పడుకోనుంటాది. తొక్కితే ముల్లు దించుతాది. ఈడిస్తే అదే జరుక్కుంటాది" అనేది. నేను నాలుగడుగులు వేసి కూలబడితే యానాదిపిల్లలంతా పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ పిల్లలే బడికి వచ్చేవాళ్ళు కాదు. నేను రిజిస్టరులో వరసగా సున్నాలు చుట్టి, బడి మానేసినవాళ్ళ జాబితా ఒకటి తయారు చేశాను. అది తెలిసి చెంచమ్మ బుట్టతోనే బడి గుమ్మానికి వచ్చింది. "రాలేదని రాసుకున్నావంట. ఎందుకు రాలేదో వచ్చి సూసినావా? రొయ్య నీ గంటకు రాదు గదప్పా. పొద్దున పదికాడికి పిల్లోళ్ళు నీళ్ళల్లో ఉంటారు. మధ్యాన్నం పెట్టు, నేనే తోలుకొస్తా." నాకు ఒళ్ళు మండింది. అయినా వాళ్ళకు మధ్యాహ్నం వేరేగా పాఠం పెట్టాను. ఆరుగురు వచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆమె మనవరాలు పలక మీద తన పేరు తప్పు లేకుండా రాసింది. నాకు ఉద్యోగం ఇచ్చింది ప్రభుత్వమే గానీ, అయ్యవారిని చేసింది ఆమె.

అయినా నేను ఆమెను "చెంచమ్మా, నువ్వు" అనే పిలిచేవాణ్ణి. గుడి దగ్గర ఊరిపెద్ద భార్యను, చెంచమ్మకంటే చిన్నదాన్ని, "అక్కా, మీరు" అనేవాణ్ణి. అది తప్పని ఒక్కనాడూ తోచలేదు. మా ఇంట్లో అలాగే పెరిగాను.

మూడో ఏడు తుఫాను వచ్చింది. రెండు రాత్రులు బడిగదిలో ఊరంతా ఒకరి మీద ఒకరు పడి ఉన్నాం. తెల్లారి గాలి కాస్త తగ్గాక మండలం నుంచి ఫోన్ వచ్చింది. సిబ్బంది చాలడం లేదట, ఎవరి ఇల్లు పాడైందో, ఎవరిది పాడు కాలేదో నేనే రాసి సాయంత్రానికల్లా పంపాలట. పాడైనవాళ్ళకు పక్కా ఇళ్ళు వస్తాయన్నారు. గుడి దగ్గర ఇళ్ళన్నీ ఒక్కొక్కటి తిరిగి, లోపలికి వెళ్ళి చూసి రాశాను. అప్పటికే మధ్యాహ్నం దాటింది. కొసకు వెళ్ళే దారి మోకాళ్ళ పైకి అడుసు. పడవ ఒకటి అటు పోతుంటే ఎక్కి, గట్టుకు దూరంగానే ఆపించాను. తుమ్మపొదల వెనక గుడిసెలు కనబడలేదు. పొదల ఇవతల, నెత్తిన గోనెపట్ట కప్పుకుని చెంచమ్మ నిలబడి ఉంది. పడవలోంచే అరిచాను.

"చెంచమ్మా! మీకేమన్నా పాడైందా?"

గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. "పాడా? మాకు పాడు లేదు అయివోరా! మా ఆరిండ్లకూ లేదు!"

హమ్మయ్య అనుకున్నాను. ఆరు పేర్ల ఎదురుగా "పాడు లేదు" అని రాసేశాను. సాయంత్రానికి కాగితాలు మండలానికి చేరాయి. అందరికంటే ముందు పంపావని అధికారి మెచ్చుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత ఊరిపెద్ద ఇంటి అరుగు మీద టీ తాగుతున్నాను. "రేపట్నుంచి మా పాడు అయివోరా, ఇంటికాడ ఉండను" అన్నాడాయన. పాడేమిటని అడిగాను. ఆయన నవ్వాడు. "మూడేండ్లుగా ఈడుండావు, పాడు తెలీదా? సరస్సులో వల వేసే చోటికి వంతు. చీట్లేసి పంచుకుంటాం. ఎవురి పాడు వస్తే వాళ్ళు పోవాల. మా కులానికే ఉండాది. యానాదులకు యాడిది పాడు? తుఫాను సాయం గూడా పాడు ఉండేటోళ్ళకే అని మావోళ్ళు ఎవురో తుఫాను తెల్లారే ఆ కొసకు పోయి చెప్పినారంట, పాపం."

నేను అడిగింది ఇళ్ళ పాడు, చెంచమ్మ విన్నది ఈ పాడు. గ్లాసు అక్కడే పెట్టి అడుసులో పడుతూ లేస్తూ కొసకు పోయాను. పొదల వెనక ఆరు గుడిసెల్లో ఒక్కటీ నిలబడి లేదు. చెంచమ్మ రెండు కర్రల మీద చిరిగిన తెరచాప కట్టి, దాని కింద పొయ్యి పెట్టుకుని ఉంది. నన్ను చూసి, "కూసో సామీ, గంజి తాగుతావా?" అంది.

ఆ క్షణమే చెప్పి ఉండాల్సింది. మర్నాడు మండలానికి వెళ్ళి, తప్పు రాశాను, దిద్దండి అనుంటే జాబితా దిద్దేవాళ్ళు. ఇంకా వారం గడువుంది. ఒక్క రోజు పని. కానీ దిద్దాలంటే పడవలోంచి అరిచి రాశానని ఒప్పుకోవాలి. తిరుపతి బదిలీకి నేను దరఖాస్తు పెట్టుకున్న రోజులవి. మెచ్చుకున్న నోటితోనే ఆ అధికారి తిడతాడని భయపడ్డాను. మళ్ళీ ఒకసారి విచారణకు వస్తారులే, అప్పుడు వాళ్ళే చూసుకుంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరూ రాలేదు.

గుడి దగ్గర పక్కా ఇళ్ళకు ముగ్గు పోస్తున్న రోజు చెంచమ్మ బడికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. "మా ఆరు పేర్లు యాడ పోయినాయి అయివోరా?"

"నాకేం తెలుసు? నేను రాసి పంపినాను. ఆఫీసోళ్ళు ఏం చేసినారో" అన్నాను.

నోటికి ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! ఆమె నా మొహంలోకి చూసింది. కనిపెట్టేసిందనుకున్నాను. "నువ్వేం జేస్తావులే సామీ. నువ్వు రాసేవుంటావు. మా తల రాత అట్లుండాది" అని నన్నే ఓదార్చి వెళ్ళిపోయింది. ఆమె నన్ను చెడామడా తిట్టి ఉంటే బాగుండేది. ఆ వేసవిలో నా బదిలీ వచ్చింది. నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పడవ దాకా మోసింది ఆమే. నేను చేతులూపుకుంటూ వెనక నడిచాను.

ఇప్పుడు నేను ఏ లెక్కకు వెళ్ళినా గడపగడపా ఎక్కుతాను, కూర్చుంటాను, తెలియని మాట వినబడితే మళ్ళీ అడుగుతాను. సార్‌కు చాదస్తం ఎక్కువని తోటివాళ్ళు నవ్వుతారు, కొందరు మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.

పోయిన సంక్షేమ సర్వేకు అటువైపు వెళ్ళినప్పుడు, ఈసారి చెప్పేయాలని గట్టిగా అనుకుని ఆ ఊరికి పోయాను. చెంచమ్మ ఇప్పుడు నీళ్ళలోకి దిగడం లేదు, నడుము వంగిపోయింది. గుడిసె మీద ఇంకా ప్లాస్టిక్ పట్టానే. "అవ్వా, మీకొక మాట చెప్పాల" అన్నాను. ఆమె వినిపించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని పక్క గుడిసెల వాళ్ళందరినీ కేకేసింది. "ఇదో సూడండ్రా! తుఫానులో మన పేర్లు రాసిన అయివోరు ఈయనే. ఆఫీసోళ్ళు కొట్టేసినారు గానీ, ఈ బిడ్డ రాసినాడు."

అందరూ నాకు దండం పెట్టారు. నేను కూడా పెట్టాను. గంజి తాగి వచ్చేశాను.

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాశాను. చెంచమ్మకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే రాశాను.