‘సెట్’ మాట నోటుబుక్కు ఎవరిది?

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. అడగకపోగా, నేను చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు నా కంచంలో ఇంకో గరిటె కూర వేసి మాట మార్చారు. మొన్న పోస్టులో మా మేనల్లుడు ఒక చిన్న పుస్తకం పంపాడు. వాళ్ల నాయన, అంటే మా బావ, యాభై ఏళ్ల కిందట ‘సెట్’ అనే ఒక్క ఇంగ్లీషు మాట మీద ఇచ్చిన ఉపన్యాసం అది. ఇప్పుడు మళ్లీ అచ్చు వేయించాడు. ముందుమాటలో కాగితం తెచ్చినాయనకూ, కుట్టినాయనకూ, అచ్చుతప్పులు దిద్దిన కోడలికీ కృతజ్ఞతలు చెప్పాడు. నా ఊసు లేదు. లేదంటే అబద్ధమవుతుంది, చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ‘మొదటి ముద్రణలో ఒక బంధువు అజాగ్రత్త వల్ల దొర్లిన తప్పు అర్థాన్ని ఈసారి తొలగించాము.’ ఆ బంధువును నేనే. కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒళ్లు మండింది.

అప్పటికింకా రెండో ప్రపంచయుద్ధం మొదలుకాలేదు. నాకు ఇరవై రెండేళ్లు. లాల్‌దర్వాజాలో అక్కావాళ్లింట్లో ఉంటూ పత్తర్‌గట్టిలో గడియారాల దుకాణంలో పని చేసేవాణ్ణి. మా ఉస్తాద్ మనుషులను మొహం చూసి గుర్తుపట్టేవాడు కాదు. గడియారం చేతిలో పెడితే చాలు, తాతల పేర్లతో సహా చెప్పేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం రిపేరు కాదు. గడియారం వెనక మూత విప్పినవాడు పని అయ్యాక ఆ మూత లోపల సూదిమొనతో తన గుర్తు గీయాలి. వినియోగదారుడికి అది ఎప్పటికీ కనబడదు, తరవాత విప్పే పనివాడికే కనబడుతుంది. “జో ఖోలా, సో అప్నా నిషాన్ డాల్నా. దూస్రే కా నక్కో మిటానా, మియా” అనేవాడు. విప్పినవాడు తన గుర్తు పెట్టాలి, ముందువాడిది చెరపగూడదు. నా గుర్తు రెండు అడ్డగీతలు, వాటి మీద ఒక చుక్క.

మా బావ సాయంత్రాలు ముందు గదిలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పేవాడు. మా ఊళ్లో అప్పుడు బడీ, కచేరీ అంతా ఉర్దూయే. నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే ఎక్కడికి వెళ్లినా కుర్చీ వేసేవాళ్లు. ఒకనాడు బావ, ఇంగ్లీషులో ఒక్కో మాటకు లెక్కలేనన్ని అర్థాలుంటాయని చెప్పి, ఉదాహరణ అడిగితే నీళ్లు నమిలాడు. గడప దగ్గర కూర్చున్న నాకు మాత్రం ఆ పూట దుకాణంలో పదిసార్లు అన్న మాట గుర్తుకొచ్చింది. టైం సెట్ చేయడం. మర్నాడే ఒక నోటుబుక్కు కొన్నాను. ఉంగరంలో రాయి పొదగడం సెట్టే. విరిగిన ఎముక అతికించడం సెట్టే. గచ్చు గట్టిపడటం, పొద్దు గుంకడం, పరీక్ష పేపరు తయారుచేయడం, ఎలుకకు బోను పెట్టడం, కప్పులూ సాసర్లూ కలిపి అమ్మడం, ఇరానీ హోటల్లో పాడే రేడియో, ముసలివాళ్ల కట్టుడు పళ్లు, అన్నీ సెట్టే. ఎడమ పేజీలో అర్థం రాసి, దాని కింద ఎవరి నోట విన్నానో వాళ్ల పేరు రాసేవాణ్ణి. కుడి పేజీలో దాని బదులు వాడదగిన వేరే మాటలు: పుట్, ఫిక్స్, ప్లేస్, గ్రూప్. వాటి కోసం సెలవు రోజుల్లో రీడింగ్ రూములో నిఘంటువు ముందు కూర్చునేవాణ్ణి. రేడియో సెట్టుకు బదులు మాట దొరక్క ఒక వారమంతా చిరాకుగా తిరిగాను. ఇలా రెండేళ్లు.

ఆ బుక్కులో నాకు ఇష్టమైన అర్థం మా ఉస్తాద్‌ది. ఛత్రినాక నుంచి ఇద్దరు అన్నదమ్ములు చచ్చిపోయిన తండ్రి గడియారం కోసం కొట్టుకుంటూ దుకాణానికి వచ్చారు. ఉస్తాద్ ఇద్దరికీ చాయ్ తెప్పించి, ఆరునెలలు ఒకరు, ఆరునెలలు ఒకరు పెట్టుకోమని, ఏడాదికి రెండుసార్లు తన ముందే చేతులు మారాలని తీర్పు చెప్పాడు. పెద్దవాడు ఏడ్చి తమ్ముణ్ణి కావలించుకున్నాడు. ఉస్తాద్ గుడ్డతో చేతులు తుడుచుకుని “చలో, సెట్ హో గయా” అన్నాడు. నేను అప్పుడే రాసుకున్నాను: విడిపోయినవాళ్లు కలవడం. కింద ఉస్తాద్ పేరు.

“బామ్మర్దీ, నీ బుక్కు రెండు దినాలు ఇయ్యి, చూసి ఇస్త. నా గడియారం గూడ జర సాఫ్ చెయ్యి. మీటింగున్నది” అన్నాడు బావ. ఇచ్చాను. గడియారం శుభ్రం చేసి, మూత లోపల గుర్తు గీసి అదీ ఇచ్చాను.

మీటింగు రీడింగ్ రూములోనే. బావ ఉపన్యాసాన్ని ముందే చిన్న పుస్తకంగా అచ్చు వేయించి తెచ్చాడు. గడియారాన్ని బల్ల మీద పెట్టుకుని మొదలుపెట్టాడు. వెనక బెంచీలో కూర్చుని నా నోటుబుక్కు నేనే విన్నాను. గచ్చు సంగతి చెప్పిన మేస్త్రీ ‘ఒక ఇంగ్లీషు ఇంజనీరు’ అయ్యాడు. మిగతావన్నీ ‘ఆంగ్ల గ్రంథాల’లోవి అయ్యాయి. ఒక్క పేరూ మిగల్చలేదు. చప్పట్లే చప్పట్లు. చివరికి, ఆలోచించకుండా చదివేశాడేమో, ఉస్తాద్ అర్థం కూడా చెప్పేశాడు. ముందు వరసలో ఉన్న ముసలి వకీలు పకపకా నవ్వి “ఇది ఏ దేశపు ఇంగ్లీషు పంతులూ?” అన్నాడు. బావ నొసలు తుడుచుకున్నాడు. “అది నాది గాదు సార్. మా బామ్మర్ది రాసిండు. గడియారాల దుకాణంల పని చేస్తడు.” హాలంతా నవ్వింది. నా పేరు అవసరమైంది ఆ ఒక్కదానికే.

బయట పట్టుకున్నాను. “బావా, నా బుక్కేది?”

“ఏం బుక్కురా? నలుగుర్ల నా ఇజ్జత్ తీసి మల్ల బుక్కంటవా?”

అక్క వాకిట్లోనే అడ్డం వచ్చింది. “ఊకో తమ్మీ. లొల్లి పెట్టకు. కాళ్లు కడుక్కో, అన్నం తిందువు.”

తిన్నాను, నిజమే. కానీ ఊకోలేదు. నేను వేరే గదికి మారాక కూడా ఏటా బోనాలకు పిలిచేవాళ్లు, ఏటా అడిగేవాణ్ణి, ఏటా అక్క కూర వడ్డించేది. బావ గోడ మీది క్యాలెండరు చూసేవాడు.

నవ్వులపాలైన సంగతి మర్నాటికే పత్తర్‌గట్టికి పాకింది. ఉస్తాద్ భూతద్దం కంటి నుంచి తీసి, గుడ్డతో తుడుస్తూ “మేరా బోలా హువా గలత్ థా క్యా, మియా?” అని అడిగాడు. ఆయనన్న మాట తప్పు కాదన్నాను. ఆయన తల ఊపాడు. ఆ తరవాత బతికినన్నాళ్లూ ఆయన నోట ఆ మాట నేను వినలేదు. టైం సెట్ చేయమనాల్సి వచ్చినా వేలితో చూపించేవాడు. నా బుక్కు పోతే పోయింది. దీన్ని మాత్రం నేను క్షమించను.

అక్క పోయింది, బావ పోయాడు, వడ్డించేవాళ్లు లేరు. కాబట్టి మేనల్లుడా, నిన్నే అడుగుతున్నాను. నిన్న మా గల్లీలో నీళ్ల దగ్గర కొట్లాడుకున్న ఇద్దరు ఆడవాళ్లు రాజీపడితే, పక్కన నిలబడ్డ ఆటో అతను ఏమన్నాడో తెలుసా? “సెట్ అయింది పో, తాతా!” ఇవాళ ఊరంతా ఆ అర్థంతోనే బతుకుతుంటే, నువ్వు ఏకంగా దాన్నే తీసేశావు. మీ నాయన గడియారం నీ దగ్గరే ఉందని తెలుసు. వెనక మూత విప్పించు. రెండు అడ్డగీతలు, ఒక చుక్క. ముళ్లు ఇన్నేళ్లుగా వాటి మీదే తిరిగాయి, ఒక్కనాడూ అరగదీయలేదు. చూసి చెప్పు: ఆ నోటుబుక్కు ఎవరిది? జవాబు ఉత్తరంలో వద్దు, మళ్లీ ఏ మూలో చిన్న అక్షరాల్లో రాస్తావు. వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పు.