వంకర గాటు

కమాల్ బాషాకు తిన్నగా ఉన్నదేదీ గిట్టదు. గోడ మీద క్యాలెండరు తిన్నగా వేలాడుతుంటే, ఒక మూల కిందికి లాగితే గానీ టీ తాగడు. స్కూటరును అడ్డంగా నిలబెట్టి సగం వీధిని ఆక్రమిస్తాడు. మా వీధే వంకర కాబట్టి ప్రొద్దుటూరు వదిలి ఇంకెక్కడికీ పోనంటాడు.

కువైట్‌లో ఒక బేకరీలో పనిచేసి వచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో సోర్‌డో రొట్టె కాలుస్తున్నాడు. ఈస్టు వేయకుండా, రోజూ కాస్త పిండీ నీళ్లూ పోసి సాకిన పులుపుతో పొంగే రొట్టె అది. మా ఊరి నోట్లో సోర్‌డో తిరగక 'సౌదీ రొట్టె' అయి కూర్చుంది.

"సౌదీ గాదప్పా, నేనుండింది కువైట్‌లో" అని మొత్తుకునేవాడు.

"ఏదైతే ఏంది మామా, రెండూ ఎడారే గదా" అనేవాళ్లు కొనేవాళ్లు.

చివరికి ఆయనే బోర్డు మీద 'సౌదీ రొట్టె' అని రాయించాడు, వంకరగా.

ఓవెన్లో పెట్టేముందు ఆ పిండిముద్ద మీద బ్లేడుతో గాటు పెట్టాలి. లేకపోతే ఉబికే పిండి తనకిష్టమైన చోట పగులుతుంది. లోకమంతా ఆ గాటును ఒక్క వేటున తిన్నగా గీస్తుంది. కమాల్ బాషా రొట్టె మీద మాత్రం పెన్నానది మలుపులు తిరుగుతుంది.

ఆ గాటు పెట్టేది అస్లాం. ఒకప్పుడు కటింగ్ షాపు నడిపినవాడు. చేతులు వణికే జబ్బు వచ్చాక అతని కత్తికి గొంతు అప్పగించే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేక షాపు మూతపడింది. ఊరికే ఇస్తే టీ కూడా ముట్టని మనిషి. షెడ్డు పెట్టిన రోజే కమాల్ బాషా పోయి అతని చేతికి బ్లేడిచ్చాడు.

"తిన్నగా మిషను గూడా గీస్తాదప్పా. ఈ మలుపు యా మిషనుకొస్తాది?" అని వచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసం. అస్లాం పక్కనుంటే గొంతు ఇంకా పెరిగేది. ఫోటోల కోసం వచ్చే కుర్రకారు దానికి 'సీమ స్టైల్' అని పేరు పెట్టి, కొనకుండా పోయేవాళ్లు.

గాటు వంకరైతే రొట్టె ఒక పక్కకే ఉబుకుతుందని నేనెక్కడో చదివాను. చెప్పాను.

"ఆ పుస్తకం రాసినోని చేయి వణకల్యా, పాపం" అన్నాడు జాలిగా.

ఒకరోజు గండికోట దగ్గర కొత్తగా తెరిచిన హోటలు మేనేజరు కారులో దిగాడు. రుచి చూశాడు, మెచ్చుకున్నాడు, రోజూ రొట్టెలు కావాలన్నాడు.

"గాటు మాత్రం తిన్నగా ఉండాలి. ఇదేదో చిన్నపిల్లలు గీసినట్టుంది."

బల్ల దగ్గర అస్లాం చేతిలో బ్లేడు ఆగిపోయింది. కమాల్ బాషా మేనేజరు చేతిలోని రొట్టె వెనక్కి లాక్కున్నాడు.

"తిన్నటిది కావల్లంటే స్కేలు కొనుక్కొని తినుపో సార్."

కారు పోయాక కమాల్ బాషా భార్య దిల్షాద్‌బీ అందుకుంది. "ఈయప్పకు గీత తిన్నగుంటే నొప్పి. ఇంట్లో బియ్యం ల్యాకుంటే మాత్రం ఏ నొప్పీ ల్యా."

ఇంత పొగరున్న మనిషి బాగుపడడని నేనూ తీర్మానించాను.

ఆ తర్వాత అస్లాం ఎవరో చుట్టాల పెళ్లికని జమ్మలమడుగు పోయాడు. ఆ పొద్దున షెడ్డులోకి తొంగిచూస్తే కమాల్ బాషా ఒక్కడే గాట్లు పెడుతున్నాడు. ఒక్కో వేటూ దారం పట్టి గీసినట్టుంది.

"ఏంది మామా ఇది?"

ఆయన గబుక్కున తలుపు మూశాడు. "యాడన్నా అన్నావంటే నాలుక కోస్తా. వాడొచ్చేలోగా ఇవి అమ్ముడుబోవల్ల. నా చేయి తిన్నగా పోతాదని తెలిస్తే వాడు రేపట్నించి ఈడికి రాడు."

"వంకరగానే గీయొచ్చు గదా?"

"చూస్తి. రాల్యా. కువైట్‌లో చేయి అట్ల పాడుచేసినారు."

"మరి ఆ క్యాలెండరు, స్కూటరు?"

"రొట్టె ఒకటే వంకరైతే వానికి అనుమానం రాదా? బుర్రుండాదా నీకు?"

ఇంతలో తలుపు తోసుకుని అస్లాం వచ్చాడు. రొట్టెలు ఏమవుతాయోనని పెళ్లి భోజనానికి కూడా ఆగలేదట. బల్ల మీద వరసగా ఉన్న తిన్నని గాట్లను చూశాడు. కమాల్ బాషా బ్లేడున్న చేతిని వెనక దాచుకున్నాడు.

అస్లాం కాలిన రొట్టె ఒకటి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాడు.

"ఒక పూట నేను ల్యాకుంటే ఇట్లనా చేసేది, కమాల్‌భాయ్? ప్రాణమే ల్యా దీంట్లో. చేయి అంత బిగబట్టుకుంటే ఎట్లొస్తాది?"

కమాల్ బాషా మెల్లగా తల దించుకున్నాడు. "అదే రాదప్పా నాకు."

"ఇట్ల దా, నేర్పిస్తా."

అస్లాం ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని, ఇంకా గాటు పడని ముద్ద మీద బ్లేడు ఆనించాడు. రెండు చేతులూ కలిసి వణుకుతూ మలుపులు తిరిగాయి.

"ఆ, ఇప్పుడొచ్చె" అన్నాడు గురువు.

"శానా కష్టంగుందే. ఇంకొకసారి చూపియ్యి" అన్నాడు శిష్యుడు.