అక్క పత్తికుప్ప ఫోటో

మొన్న చంద్లాపూర్ రిజర్వాయర్ కట్ట మీద, పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు, తళతళ మెరిసే నీళ్ల ముందర నా మనుమరాలు నన్ను నిలబెట్టి ఫోన్‌తోని టక్కున ఫోటో తీసింది. పొద్దు ఎటున్నదో కూడ చూడలే. అయినా నీళ్లు నీళ్లలాగే ఉన్నయి, నా తెల్ల అంగీ మడతలతో సహా కనబడుతున్నది, ముఖం నల్లబడలే. ఓరి దేవుడా, గింత సులువా! ఒకప్పుడు గీ తెలుపు కోసమే నేను సిద్దిపేట నుంచి హుస్నాబాద్ దాక స్కూటర్ మీద పానం అరచేతిల పెట్టుకొని ఉరికిన.

మన ఈడు వాళ్లకు రీలు కెమెరా సంగతి చెప్పనక్కరలేదు. నాకు పని నేర్పిన ఉస్తాదు ఎప్పుడూ ఒక్కటే మాట అనేటోడు, వెలుగు కొంచెం ఎక్కువైతే ఏం గాదు, తక్కువైతేనే చెడుతది, ఎక్కువైనా నెగెటివుల బొమ్మ దాగుంటది, కడిగేటోడు బయటికి తీస్తడు అని. ఆ మాట పట్టుకొనే సిద్దిపేటల స్టూడియో నడిపిన. డిజిటల్ కెమెరా కొన్న వారానికే అక్క దగ్గర నుంచి కబురొచ్చింది.

అక్క, బావ హుస్నాబాద్ దగ్గర పత్తి వేసేటోళ్లు. రెండేండ్లు వరుసగ పంట పోయినంక ఆ ఏడు ఇంటి ముందర నిలువెత్తు కుప్ప పడ్డది, అండ్ల సగం అక్క తన చేతులతోని ఏరిందే. తెల్లారితే మార్కెటుకు పోతది గనుక ఆ కుప్పతోని తనకొక ఫోటో కావాలన్నది, పింజ పింజ కనబడాలన్నది. పెండ్లి ఫోటో తప్ప ఇంకో ఫోటో అడిగి ఎరుగదు మా అక్క. మిట్టమధ్యాహ్నం పోయిన, ముఖం నల్లగ రావద్దని ఉస్తాదు చెప్పినట్టే వెలుగు ఇంకింత పెంచిన. కెమెరా తెర మీద కుప్పంతా నల్లగ మిణుకు మిణుకుమంటుంటే, ఫోటో మంచిగొచ్చిందని కెమెరా చెప్తున్నదనుకొని మురిసిపోయిన. చూడున్రి నా తెలివి!

స్టూడియోకొచ్చి కంప్యూటర్ల పెట్టి చూసిన. అక్క వెనుక పత్తి లేదు, సున్నం కొట్టిన గోడ ఉన్నది. వెలుగు ఎంత తగ్గించినా ఆ గోడ బూడిదరంగు అయింది గాని ఒక్క పింజ తిరిగి రాలే. ఆ మిణుకు వెలుగుకు కాలిపోయిన జాగను చూపెట్టేదని, గీ కెమెరాల తెలుపు ఒక్కసారి కాలితే ఎవ్వరూ బయటికి తీయలేరని అప్పుడు తెలిసింది. ఫోన్ చేసి, పత్తి సున్నపు గోడ తీరు వచ్చిందని తప్పు ఒప్పుకున్న. తిడుతదనుకుంటే, "నువ్వొచ్చేదాక కుప్ప కదలనియ్య, జల్ది రా" అన్నది.

తెల్లారి స్టార్టుగాక సతాయించిన స్కూటర్‌ను తిట్టుకుంట నేను పోయేసరికి ఎండ మండుతున్నది, సగం పత్తి వ్యానెక్కింది, మిగిలిన సగానికి అడ్డంగ అక్క కూసున్నది, డ్రైవర్ గొణుగుతుండు, బావ నవ్వుతుండు. "ఇగో, వచ్చిండు నీ తమ్ముడు, గోడకు మళ్ల సున్నమెయ్యమను."

వెలుగు ఒక మెట్టు తగ్గించిన, మిణుకు పోలే. ఇంకో మెట్టు తగ్గించిన, ఆగింది! పత్తి పింజలు పింజలుగ కనబడ్డది గాని అక్క ముఖం మాడిన పెనం తీరయింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏం తోచక ఆమెను పొద్దుకు వీపు పెట్టి కూసోబెడితే, బావ పరాచికానికి వ్యానులోంచి గంపెడు పత్తి తెచ్చి ఆమె ఒడిలో, కాళ్ల ముందర కుమ్మరించిండు. అబ్బబ్బ, ఏం చెప్పాలె! ఎండ ఆ పత్తి మీద పడి ఎగిరి అక్క ముఖం మీద వాలింది. నిన్న ఫోటోను చెడగొట్టిన పత్తే ఇయ్యాల దీపం పట్టింది. నేను సంబురం ఆపుకోలేక గంతులేస్తుంటే, "కింద చూసుకోరా, కాళ్లు విరుగుతయి" అని అక్క పక్కున నవ్వింది, ఆ నవ్వుకే నొక్కిన.

అక్క పోయి నాలుగేండ్లయింది. బావ దండ వేసింది ఆ ఫోటోకే, దగ్గరికి పోయి చూస్తే ఆమె ఒడిలో పింజలు ఇప్పటికీ లెక్కబెట్టవచ్చు. మనుమరాలి ఫోన్ల ఎండ ఏమీ చెడగొడుతలేదు, మంచిదే, నాకూ సంతోషమే. కాని ఆనాడు నేను తీసిన మొదటి ఫోటో చెడకపోతే నేను మళ్ల పోయేటోణ్ని కాదు, అక్క అట్ల నవ్వేది కాదు. ఇప్పుడు ఏ ఫోటో చెడిపోతలేదు, నువ్వొచ్చేదాక కదలనియ్య అని అడ్డం కూసునే అక్క కూడ లేదు.