తాళం బొమ్మ కోసం వచ్చిన ఫోను

మా ఇళ్ళల్లో మొదట చెప్పిన ధరకే వస్తువు తీసుకుంటే అమ్మినవాణ్ణి అవమానించినట్టు లెక్క. ఇంకాస్త ఎక్కువ చెప్పాల్సింది అని పాపం వాడు కుమిలిపోతాడు కదా. ఆ బాధ వాడికి లేకుండా చూడటం నా ధర్మం అనుకునేదాన్ని. జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషను దగ్గర మా నాన్నది కిరాణా కొట్టు, బిష్టుపూర్‌లో మా మేనత్తది గ్లవుజుల కొట్టు. ఈ రెండు గల్లాపెట్టెల మధ్య పెరిగినదాన్ని. మందుల షాపులో జ్వరం బిళ్ళలకి కూడా బేరమాడి, జ్వరంతో ఉన్న తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టిన ఘనత నాది.

అలాంటి నా దగ్గర ఒక్క పైసా తగ్గకుండా నిలబడిన మనిషి ఒక్కతే. ఆవిణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు. ఫోన్లో గొంతు మాత్రమే తెలుసు.

అత్త కొట్టులో తోలు గ్లవుజులు, ఇనుప ముక్కు బూట్లు, హెల్మెట్లు, వెల్డింగు కళ్ళజోళ్ళు అమ్మేది. కార్ఖానాలో పనిచేసే చిన్నచిన్న ఠేకేదార్లు, అంటే కాంట్రాక్టర్లు, తమ కూలీలకి అక్కడే కొనేవారు. మామయ్యకి కంపెనీలో ఉద్యోగం కాబట్టి లైసెన్సు మొదటినుంచీ అత్త పేరునే ఉండేది. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా కొట్టులో కూర్చున్నది అత్తే. కానీ ఆ గది మాత్రం మామయ్య వాళ్ళ నాన్నది. అందుకని మామయ్య తమ్ముడికి, అంటే మేము చిన్న మామయ్య అనే ఆయనకి, అందులో వాటా ఉంది. ఆయనకి అక్కడ మొబైల్ ఫోన్ల షాపు పెట్టాలని కోరిక.

ఆ మధ్య పెద్ద ఠేకేదార్లు సరుకు నేరుగా కలకత్తా నుంచి తెప్పించుకోవడం మొదలెట్టారు. అత్త బేరాలు పలచబడ్డాయి. ఇంట్లో పెద్దలు కూర్చుని, విశ్వకర్మ పూజ దాకా చూద్దాం, అప్పటికీ పుంజుకోకపోతే గది చిన్నవాడికి వదిలేయమన్నారు. అత్త సరేనంది. సరేనని లోపలికి పోయి, దులిపిన హెల్మెట్లనే మళ్ళీ దులుపుతూ కూర్చుంది.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. భాలుబాసాలో ఒక ఇన్‌స్టిట్యూట్లో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. రూర్కెలా, బొకారో, దుర్గాపూర్ లాంటి చోట్ల ఉన్న చిన్న ఠేకేదార్లు ఇంటర్నెట్టులో చూసి తెప్పించుకునేట్టు ఒక వెబ్‌సైట్ కట్టాను. దానికి చోటు ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర అద్దెకి తీసుకున్నాం. అంతా అయ్యాక కార్డుల మీద డబ్బు తీసుకుందామని బ్యాంకుకి వెళ్తే, కార్డు నంబరు కొట్టే పేజీకి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ఉంటేగానీ కుదరదన్నారు. కొట్టు నిజంగా ఉందని తనిఖీ చేసి ఇచ్చే రకమే కావాలన్నారు.

అత్తకి చెప్పాను. "కార్డు నంబరు దారిలో ఎవళ్ళూ సదవకుండా ఉంటాదత్తా. మనం మనమేనని బయటోళ్ళు సూసి రాసిత్తారు. అప్పుడు పేజీ కింద చిన్న తాళం బొమ్మ వత్తాది."

"బొమ్మకి డబ్బులేటే. సాక్చీ బజార్లో అసలు తాళమే ఇంతకన్నా సవగ్గా వత్తాది కదా."

ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది. హోస్టింగ్ కంపెనీ వాళ్ళే ఆ సర్టిఫికెట్లు కూడా తెప్పించి ఇస్తారని తెలిసి ఫోన్ చేశాను. అలా దొరికింది ఆ గొంతు. మా మాటలన్నీ హిందీలోనే సాగేవి. ధర చెప్పింది. నేను మాట్లాడలేదు. ధర విన్నాక మౌనంగా ఉండటం మా నాన్న నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాడు కంగారుపడి తనే తగ్గిస్తాడని. ఆవిడ కూడా మాట్లాడలేదు. అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. నేను మౌనవ్రతంలో ఉంటే ఆవిడ ఇంకో పని చేసుకుంటోంది.

వేరే కంపెనీ వాళ్ళు తక్కువకి ఇస్తామన్నారన్నాను. "మంచిదే కదా మేడమ్, తీసుకోండి" అంది. బిష్టుపూర్ కొట్లవాళ్ళందరినీ మీ దగ్గరికే తీసుకొస్తానన్నాను. "రమ్మనండి, వాళ్ళకీ ఇదే ధర." చివరి అస్త్రంగా "అయితే వద్దులెండి" అని ఫోన్ పెట్టేశాను. బట్టల షాపు మెట్లు దిగుతుంటే వెనక్కి పిలుస్తారే, అలా పిలుస్తుందని. ఆ రోజు పిలవలేదు. మర్నాడు నేనే చేసి, నిన్న లైను తెగిపోయిందన్నాను.

"అవును మేడమ్, తెగింది" అంది, ఏమీ ఎరగనట్టు.

మా వాళ్ళలో ఇంకో పద్ధతి ఉంది. ఒకరు అడిగొచ్చిన ధరని కాసేపాగి ఇంకొకరు వెళ్ళి కొత్తవాళ్ళలా అడగడం. అత్తని కూర్చోబెట్టి ఫోన్ చేయించాను. తనది రాంచీలో చెప్పుల దుకాణమని అత్త గంభీరంగా చెప్పింది. పక్కనుంచి నేను అందిస్తున్నాను. ఆవిడ అంతా విని, "అమ్మగారూ, మీ పక్కనున్న మేడమ్‌కి కూడా నా నమస్కారం చెప్పండి. ధర అదే" అంది.

అత్త ఫోన్ పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇది మామూలు మనిసి కాదే. మన కొట్లో పెట్టుకుంటే బావుణ్ణు."

నన్ను లొంగదీసింది మాత్రం ఆ తరవాత మాట. చవక రకం ఒకటి ఉందని నేనే ఎక్కడో చదివి, అదిమ్మని అడిగాను. ఇచ్చేస్తే ఆవిడ పని ఐపోయేది, నా నసా వదిలేది. కానీ, "అందులో వెబ్‌సైట్ మీదేనా అని మాత్రమే చూస్తారు మేడమ్. కొట్టు సంగతి చూడరు. మీ బ్యాంకు ఒప్పుకోదు, మీ డబ్బు వృథా" అంది. ధర తగ్గించకుండానే నా డబ్బు కాపాడిన మనిషిని మా వీధిలో చూసి ఎరగను. ఆ రోజే డ్రాఫ్టు తీసి పంపాను.

ఆ తరవాత అంతా ఆవిడే నడిపింది. మా లైసెన్సు ఝార్ఖండ్ విడిపోకముందుది, దాని మీద ఇంకా బీహార్ అనే ఉంది. దరఖాస్తులో ఏ రాష్ట్రం రాయాలని అడిగింది. "ఊరు కదల్లేదండీ, రాష్ట్రమే కదిలింది" అన్నాను. నవ్వి, ఝార్ఖండ్ అని రాయించి, కొట్టు ఇప్పటికీ అక్కడే ఉందనడానికి కరెంటు బిల్లు తెప్పించుకుంది. చివరగా ఒక సంగతి చెప్పింది. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు వేరే. వాళ్ళు మేమిచ్చిన నంబరుకి కాకుండా, టెలిఫోన్ డైరెక్టరీలో కొట్టు పేరున ఉన్న నంబరు వెతికి దానికే చేస్తారు. లైసెన్సులో ఎవరి పేరుందో ఆ యజమానితోనే మాట్లాడతారు.

"ఫోనొత్తాది, అవునని సెప్పీ అత్తా" అన్నాను. "అలాగేలేవే" అంది. అక్కడితో ఆగాను. అత్త బేరమాడే తీరు గుర్తు రావలసింది నాకు.

అత్త కొట్టుకి ఒక మాలిక్, అంటే యజమాని, ఉండేవాడు. నిజానికి అలాంటి మనిషెవరూ లేరు. బేరం చివరికొచ్చి ఠేకేదారు పట్టుబడితే, అత్త చేతులు నలుపుకుంటూ "నాదేముంది భయ్యా, మాలిక్ ఒప్పుకోరు, ఆయనేమో ఊళ్ళో లేరు" అనేది. మనిషి ఎదురుగా ఉంటే బతిమాలొచ్చు, లేని మనిషిని ఎవరు బతిమాలగలరు? ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాలిక్‌కి కోపిష్టి అని పేరొచ్చింది, షుగరు వచ్చింది, కలకత్తా ప్రయాణాలు ఎక్కువయ్యాయి. పాత ఖాతాదార్లు ఆయన ఆరోగ్యం కనుక్కునేవారు. కొందరైతే చిన్న మామయ్యే ఆ మాలిక్ అనుకుని నమస్కారం పెట్టేవారు. ఆయన కాదనేవాడు కాదు.

ఫోన్ నేను పాఠం చెప్పుకుంటున్నప్పుడు వచ్చిందట. సాయంత్రం ఆ హోస్టింగ్ ఆవిడే నాకు చేసి చెప్పింది. "మేడమ్, మీ ఆర్డరు ఆపేశారు. యజమాని కలకత్తా వెళ్ళారని, ఎప్పుడొస్తారో తెలియదని మీ కొట్లో చెప్పారట. ఇంకోసారి ఇలాగే అయితే దరఖాస్తు రద్దు చేస్తారు, మళ్ళీ మొదట్నించీ పెట్టుకోవాలి."

పూజ దగ్గరపడుతోంది. మొదట్నించీ అంటే అయ్యే పని కాదు. ఆటో ఎక్కి బిష్టుపూర్ వెళ్ళాను.

"ఫోనొచ్చిందేటి అత్తా?"

"వచ్చిందే. ఎవడో మాలిక్ ఉన్నారా అన్నాడు. కలకత్తా ఎల్లేరని సెప్పీసేను."

"ఆళ్ళే అత్తా, సర్టిఫికెట్టోళ్ళు."

"ఆ ముక్క ఆడు ముందు సెప్పొద్దేటి? మాలిక్ అనీసరికి నా నోటికి అదే వచ్చీసింది." కాసేపు బూటు లేసులు సర్దింది. "మళ్ళీ సేత్తారా?"

"సేయించాలి. ఈసారి నువ్వే సెప్పాలి, మాలిక్ నువ్వేనని."

అత్త నా వైపు చూళ్ళేదు. "ఆ మాట నేనెప్పుడూ అన్నేదే. మీ మామయ్యతో కూడా అన్నేదు" అంది.

నేను ఆ గొంతుకి ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి బేరం లేకుండా అడిగాను, మళ్ళీ ఫోన్ చేయించమని. "ఇంతకీ మాలిక్ ఎవరు మేడమ్?" అంది. రాంచీలో చెప్పుల దుకాణం ఉన్నావిడే అన్నాను. అవతల రిసీవరుకి ఏదో తగిలిన చప్పుడైంది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోందని నా అనుమానం. కానీ ఆ గంటలోనే వాళ్ళతో మాట్లాడి, మర్నాడు మధ్యాహ్నం నేను అత్త పక్కన ఉండే వేళకే ఫోన్ వచ్చేట్టు ఏర్పాటు చేసింది. అన్నాళ్ళు ప్రాధేయపడినా రాని కొసరు, అడక్కుండానే అలా వచ్చింది.

మర్నాడు కొట్లో ఇంకో ఇద్దరున్నారు. చిన్న మామయ్య టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు, అద్దాల బీరువా ఎక్కడ పడుతుందా అని. గల్లా ముందు పాత ఠేకేదారు ఒకాయన గ్లవుజులకి గట్టిగా బేరమాడుతున్నాడు. అత్త అప్పుడే చేతులు నలిపి, మాలిక్ ఒప్పుకోరని చెప్పి ఉంది. ఫోన్ మోగింది.

నేను సైగ చేశాను. అత్త రిసీవరు తీసింది. అవతలి ప్రశ్న నాకు వినిపించలేదు గానీ అత్త మొహంలో కనిపించింది. ఆ ఫోనుకి తీగ పొట్టి, లోపలికి తీసుకెళ్ళడానికి లేదు. ఎదురుగా ఠేకేదారు, వెనకాల మరిది. చీర కుచ్చెళ్ళు సరిచేసుకుని నిలబడింది.

"మై హూఁ" అంది. తరవాత ఇంకొంచెం గట్టిగా, "మాలిక్ మై హీ హూఁ. జబ్ సే దుకాన్ హై, తబ్ సే." కొట్టు పుట్టినప్పటినుంచీ మాలిక్‌ని నేనేనని.

కొట్టు పేరు, వీధి, తన పూర్తి పేరు చెప్పింది. ఆర్డరు పెట్టింది తన మేనకోడలేనని, తనే పెట్టించానని చెప్పింది. గోడ మీద టేపు గిర్రున వెనక్కి చుట్టుకున్న చప్పుడైంది. అత్త తిరిగి చూళ్ళేదు. రిసీవరు పెట్టేసి, గ్లవుజుల కట్ట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

ఠేకేదారు గల్లా మీదికి వంగాడు. "అయితే భాభీ, ఇన్నేళ్ళూ కలకత్తా వెళ్ళింది ఎవరు?"

"ఎవరూ వెళ్ళలేదు భయ్యా."

"మరి షుగరో? పోయిన దసరాకి కాకరకాయ రసం తాగించమని చెప్పి వెళ్ళానే."

"షుగరైతే నాకే ఉంది. తాగాను, కాస్త గుణం కనిపించింది."

ఆయన నవ్వాపుకోలేక గల్లా మీద చెయ్యి వేశాడు. "సరే, మాలిక్ ఎదురుగానే ఉన్నారు కదా. ఇప్పుడు తగ్గించండి."

ఇక తగ్గించక తప్పదనుకున్నాను. దాక్కోడానికి మనిషి లేడు మరి. అత్త కట్టలోంచి ఒక జత తీసి, అరచేతి కుట్టు ఆయనకి తిప్పి చూపించింది. "ఈ కుట్టు ఊడి కూలీ చెయ్యి కాలకపోతేనే ఈ ధర. కాలితే తెచ్చి నా మొహాన కొట్టండి, కొత్తది ఇస్తాను. మాలిక్‌ని, నేనే చెబుతున్నాను" అంది. ఆయన జేబులోంచి డబ్బు తీశాడు. అన్నేళ్ళ బేరాల్లో అత్త అంత తక్కువ మాటలతో అమ్మడం నేను చూళ్ళేదు. ఆ ఫోన్లో గొంతు గుర్తొచ్చింది. ఇద్దరూ ఒక బడిలో చదివినట్టే ఉంది.

సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ఆవిడే మా సైట్లో పెట్టింది. పేజీ తెరిస్తే కింద కుడి మూలన పసుప్పచ్చ తాళం. దాని మీద నొక్కితే కొట్టు పేరు, జంషెడ్‌పూర్, ఝార్ఖండ్ అని వచ్చాయి. అత్త కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది.

"నా పేరేదే?"

"కొట్టు పేరే ఉంటాదత్తా."

"అందరి ముందరా నా సేత సెప్పించీసి, ఇక్కడ రాయనేదేటి? ఊరికే రాసిత్తారేమో ఆ అమ్మాయినడుగు."

అడిగాను కూడా. కుదరదంది.

పూజ నాటికి బయటి ఊళ్ళ నుంచి ఆర్డర్లు వచ్చాయి. వ్యాపారం పుంజుకుందని ఢంకా కొట్టేన్ని కావు, మూసేయమనడానికి నోరు వచ్చేంత తక్కువా కావు. ఎప్పటిలాగే కొట్లో పూజకి పీట మీద చిన్న మామయ్య కూర్చున్నాడు. ఏటా పంతులు సంకల్పం దగ్గర ఆగి దుకాణం మాలిక్ పేరు అడగడం, ఈయన తన పేరు చెప్పడం మామూలే. ఆ ఏడూ అడిగాడు. చిన్న మామయ్య అక్షింతలు చేతిలో పట్టుకుని తలుపు వైపు తిరిగాడు.

"భాభీ కా నామ్ లీజియే" అన్నాడు, వదిన పేరు చదవమని.

తలుపు దగ్గర నిలబడ్డ అత్త తన పేరు, ఇంటిపేరు, గోత్రం చెప్పింది. పంతులుకి తెలుగు ఇంటిపేరు నోరు తిరక్కపోతే మళ్ళీ విడదీసి చెప్పింది. హారతి కళ్ళకద్దుకుని, ప్రసాదం పళ్ళెం మరిది చేతిలో పెట్టి నా వైపు తిరిగింది.

"బేగి రాయే. రూర్కెలా పార్శిలు కట్టాల."