సరిగా కుదరనివి

మొన్న హాంబర్గ్‌లో మా ఇంటి పక్క సూపర్‌మార్కెట్లో మనవరాలు ఫ్రీజర్‌లోంచి ఒక ప్యాకెట్ తీసి, దానిమీదున్న మల్ఫాత్తి అనే ఇటాలియన్ పేరుకు అర్థమేమిటని జర్మన్‌లో అడిగింది. సరిగా కుదరనివి అని అర్థమంటే నమ్మలేదు, ఎందుకంటే బొమ్మలోని పాలకూర ఉండలన్నీ అచ్చుపోసినట్టు ఒకే తీరుగా ఉన్నాయి. ఆ పేరు నాకు చెప్పినావిడ గుర్తొచ్చి అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో, భాష రాని నాకు పని ఇచ్చింది రేవు దగ్గర చిన్న హోటల్ నడిపే ఒక ఇటలీ ఆవిడ. పిండిరేకుల్లో పెట్టి మూయాల్సిన పాలకూర, చీజ్ పూర్ణం మిగిలిపోతే, రేకు లేకుండానే ముద్దలుగా ఉడకబెట్టారట వెనకటి ఆడవాళ్ళెవరో. ఆ వంకరటింకర ముద్దలకు చేసినవాళ్ళే సిగ్గుపడుతూ ఆ పేరు పెట్టారని, నిజమో కాదో, వాళ్ళమ్మ చెప్పిందట. వాటిని చేత్తో నిమరకూడదని, చెంచాతో జారవిడవాలని ఆవిడ ఎంత పోరినా, సున్నుండలు చుట్టిన చెయ్యి ఊరుకుంటుందా? వంకరది వడ్డిస్తే మనలో అమర్యాద కదా.

చాలా ఏళ్ళకు ఆవిడ వృద్ధాశ్రమంలో చేరి, మనుషుల్ని మరిచిపోయి, తిండి మానేసింది. ఇవైతే నాలుగు తింటుందని, ఆ రుచికి నన్నూ గుర్తుపడుతుందని ఆశపడి ఒక గిన్నెడు చేశాను. ఆవిడకు పెట్టేవి కదా అని ఒక్కొక్కటీ మరింత శ్రద్ధగా, గోళీల్లా చుట్టాను. మూత తీస్తే చాలాసేపు చూసి, గిన్నె పక్కకు నెట్టేసింది.

"ఇవి మా ఇంటివి కావు," అంది.

ఒక్కటీ నోట పెట్టలేదు. నేను చేసిన తప్పేమిటో తిరుగు బస్సులో గాని తెలియలేదు. ఆదివారం చర్చి అయ్యాక, చెంచాతో ఎలా పడితే అలా వేసినవి పట్టుకెళ్ళేసరికి, ఖాళీ అయిన ఆవిడ మంచం మీద దుప్పటి మార్చి, కిటికీ తెరిచి ఉంచారు. ప్రేమగా పెట్టడమంటే నున్నగా చుట్టిపెట్టడమే అనుకున్నందుకు ఈనాటికీ నామీద నాకే కోపం.

ఆ హోటల్ ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. మన వయసువాళ్ళకు చెప్పేదేముంది, నా వేళ్ళూ కీళ్ళనొప్పులతో బిగుసుకుపోయి, ఏ ఉండ చేసినా సొట్టే. పిల్లలు నేను నొచ్చుకుంటానని బాగానే ఉన్నాయంటారు. ఆవిడే ఉంటే, ఈ సొట్ట ఉండలకే చెయ్యి చాచేది.